బొగ్గుల బస్సుకు దిష్టి తీసిన వైనం

ఊరంతటినీ ఒకేసారి ఏడిపించాలంటే మామూలుగా ఎవరో ఒక పెద్దమనిషి కన్నుమూయాలి. నేను ఎవరినీ చంపకుండానే ఆ పని చేశాను. బాగేపల్లి తాలూకా కచేరి పక్క మైదానంలో, పట్టపగలు, ముప్పై మంది ప్రయాణికులకు, ఒక సర్కారు అధికారికి, మా మేనమామకు, రెండు కోళ్ళకు ఒక్క నిమిషంలో కళ్ళ వెంట ధారగా నీళ్ళు తెప్పించాను. చంపకుండా అన్నాను కదా, ఆ మాట మాత్రం ఇప్పటికీ కొంచెం మెల్లగానే అంటాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఏ సముద్రాల అవతలో జరుగుతోంది గానీ, పెట్రోలు మాత్రం మా ఊళ్ళో మాయమైంది. మేము మాట్లాడేది తెలుగైనా మా సర్కారుది కన్నడం. ఒకనాడు కచేరి గోడ మీద కన్నడంలో అచ్చువేసిన కాగితం అంటించారు. మా మామ చౌడప్ప దాని ముందు నిలబడి నన్ను కేకేశాడు. ఆయనకు ఒకే ఒక బస్సు. పొద్దున బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం, సాయంత్రం తిరుగు ప్రయాణం, సంతనాడు చింతామణి. ఆ బస్సు తప్ప ఆయనకు వేరే బతుకు లేదు.

"ఏమప్పా సుబ్బన్నా, ఏమి రాసినారు, చదువు."

చదివాను. పెట్రోలు ఇక యుద్ధానికే. బస్సులవాళ్ళు బొగ్గుతో నడిచే గ్యాసు ప్లాంటు బిగించుకోవాలి. సర్కారువారు వచ్చి పరీక్ష చేస్తారు. అందులో నెగ్గిన బస్సుకే పర్మిట్టు. నెగ్గనిది ఇంటి ముందు నిలబెట్టుకోవచ్చు.

"అంటే బస్సులో బొగ్గులు పొయ్యల్లనా? బస్సేమన్నా ఇస్త్రీ పెట్టెనా?"

"కాదు మామా. బొగ్గులు కాలిస్తే గ్యాసు వస్తాది. ఆ గ్యాసుతోనే ఇంజను తిరగతాది."

"అది నీకెట్ల తెలుసు?"

నిజానికి ఆ సంగతి నాకు తెలిసి అరనిమిషమే అయింది. ఆ కాగితంలోనే మూడో వరుసలో ఉంది. అయినా ఇరవై రెండేళ్ళ వయసులో, ఎస్సెస్సెల్సీ రెండుసార్లు రాసినవాడు, అంటే మామూలువాళ్ళకంటే రెట్టింపు చదివినవాడు, తెలియదని ఎలా చెప్తాడు?

"ఇంజన్ల సంగతి నాకు వదిలేయి మామా" అన్నాను.

మామ వదిలేశాడు. ఆయన జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదే.

నన్ను బెంగుళూరు పంపి పది రోజులు గ్యాసు ప్లాంటు పని నేర్పించారు. అక్కడి మేష్టరు చెప్పిన ప్రతి ముక్కా నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. రాసుకున్నాను గనక మళ్ళీ బుర్రలో పెట్టుకోవలసిన పని లేదనుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. దానికి ఏళ్ళకేళ్ళు చదవనక్కరలేదు, పది రోజులు చాలు.

ప్లాంటు అంటే బస్సు వెనక తగిలించే నిలువెత్తు ఇనుప డ్రమ్ము. పైన మూత తీసి బొగ్గులు పోయాలి. కింద చిన్న తలుపులోంచి నిప్పు పెట్టాలి. పక్కనున్న ఫ్యాను పిడి పట్టుకుని మన రెక్కలు పడిపోయేదాకా తిప్పితే డ్రమ్ములో గ్యాసు పుడుతుంది. అది బస్సు అడుగున గొట్టంలో ముందుకు నడిచి, ఇంజను పక్కనున్న చిన్న గొట్టం మూతిలోంచి బయటికి వస్తుంది. అక్కడ అగ్గిపుల్ల గీస్తే మండాలి. మండితే గ్యాసు తయారైనట్టు, అప్పుడు దాన్ని ఇంజనుకు తిప్పాలి. ఈ బిగింపు పనంతా నేనూ, డ్రైవరు దస్తగిరీ రెండు రోజులు పడి చేశాం.

డ్రమ్మును చూడడానికి జనం విరగబడ్డారు. బాగేపల్లి అంతా వచ్చింది. పరగోడు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. అందరికన్నా ఎక్కువ కోపం మా అత్త నంజమ్మకు. ఊళ్ళో బొగ్గులన్నీ బస్సే తినేస్తుంటే ఆమె కుంపటికి పిడికెడు మిగలడం లేదు.

"సర్కారోళ్ళకు ఆడోళ్ళ కుంపట్లు కనపడలేదా? కాపీ యాడ కాచల్ల, బస్సు మీద పెట్టి కాచల్లనా?" అంది. సర్కారు ఇంధన విధానం మీద ఇంత సూటి విమర్శ నేను తర్వాత ఏ పత్రికలోనూ చదవలేదు.

పరీక్షకు ముందురోజు ఉత్తినే ఒకసారి చిక్కబళ్ళాపురం పోయి వద్దామని బయల్దేరాం. డబ్బులు లేకుండా బస్సెక్కించుకుంటామంటే ముప్పై మంది ఎక్కారు. డ్రైవరు పక్కన మామ, వెనక సీటులో అత్త, చాకవేలు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, రెండు కోళ్ళను చంకలో పెట్టుకున్న పరగోడు రైతు. బస్సు నడిచింది! ఎద్దుబండ్లు మమ్మల్ని దాటిపోయిన మాట నిజమే గానీ, నడిచిందంటే నడిచింది. పేరేసంద్ర దగ్గర నిప్పు మందగించి ఆగింది. అప్పుడే వాన పట్టుకుంది. పక్కల టార్పాలిన్ పరదాలు దించేసి జనం లోపలే కూచున్నారు. నేను బయట గొడుగు కింద చాలాసేపు ఫ్యాను తిప్పుతూ ఉండిపోయాను.

లోపలి నుంచి మూలుగులు మొదలయ్యాయి.

"సుబ్బన్నా, తలకాయ పగిలిపోతాంది రా" అంది అత్త.

"నాకు కడుపులో తిప్పతాంది నాయనా" అంది ముసలమ్మ.

"నా కోడి మెడ వాల్చేసింది" అన్నాడు పరగోడు రైతు.

వానను లెక్కచేయకుండా అందరూ దిగి రోడ్డు మీద నిలబడ్డారు. కాసేపటికి తలలు తేలికపడ్డాయి. కోడి కూడా మెడ ఎత్తి, నన్ను అదోలా చూసింది. ఇదేమిటన్న చర్చ అక్కడే జరిగింది.

"కొత్త డ్రమ్ము రంగు వాసనేమో" అన్నాడు దస్తగిరి.

"రంగూ లేదు, వాసనా లేదు. దిష్టి! తాలూకా అంతా వచ్చి నోరు తెరుచుకుని చూసిరి కద. ఇంత దిష్టి తగిలినాక తల నొయ్యకుండా ఉంటాదా?" అంది ముసలమ్మ.

మామ నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావప్పా? నేర్చుకోనొచ్చినోడివి."

పాఠకులారా, ఇక్కడ నా తెలివి గమనించండి. తప్పు యంత్రానిదంటే, దాన్ని బిగించింది నేను. తప్పు దిష్టిదంటే, చూసింది ఊరు. నేను క్షణం ఆలస్యం చేయకుండా దిష్టి పక్షం చేరిపోయాను.

"అవ్వ చెప్పిందే నిజం మామా. ఇట్లాంటివి బెంగుళూర్లో కూడా జరగతాంటాయంట" అన్నాను.

వాన వెలిశాక అక్కడినుంచే వెనక్కి తిరిగాం. మరునాడు పొద్దున బస్సును మైదానంలో నిలబెట్టాం. డ్రమ్ములో నిప్పు రాజేసి ఉంచాను. మామ, పరీక్షకు వచ్చిన సర్కారు ఇన్‌స్పెక్టరుగారిని పిలుచుకురావడానికి ఆయన దిగిన బంగళాకు వెళ్ళాడు. ఇంతలో అత్త చాటలో ఉప్పు, ఆవాలు, ఎండు మిరపకాయలు పట్టుకుని వచ్చింది.

"మనిషికయితే అయిదు మెరపకాయలు. బస్సుకెన్ని రా?"

లెక్కలంటే నాకు ప్రాణం. ఎస్సెస్సెల్సీలో నా ప్రాణం తీసింది కూడా అవే.

"కూచునేది ముప్పై మంది అత్తా. ముప్పై అయిదులు నూటయాభై."

"డ్రైవరుకి?"

"ఇంకో అయిదు."

"ఆ డ్రమ్ముకి?"

"అందరూ చూసింది దాన్నే కదా. దానికొక యాభై వెయ్యి."

చాట నిండింది. ఇక బస్సు చుట్టూ మూడుసార్లు తిప్పాలి. అత్త ఒళ్ళు కొంచెం భారీ. సగం చుట్టు తిరిగేసరికే ఆయాసం వచ్చింది.

"అమ్మా, మీరు ఆడే నిలబడండి. గ్యాసు రానీ, బస్సునే మీ చుట్టూ తిప్పుతా" అన్నాడు దస్తగిరి.

"నాకు దిష్టి తీస్తావా, బస్సుకు తీస్తావా?" అని అత్త వాణ్ణి కసిరి, మూడు చుట్లూ తానే పూర్తిచేసింది. "బాగేపల్లి దిష్టి, పరగోడు దిష్టి, చాకవేలు దిష్టి, దోవన పొయ్యేవాళ్ళ దిష్టి, పోనోళ్ళ దిష్టి, థూ థూ థూ!"

దిష్టి తీసిన మిరపకాయలు నిప్పుల్లో పడాలి. ఇంటి పొయ్యి దాకా వెళ్ళాలంటే బజారంతా దాటాలి. అత్త నడుం పట్టుకుని నిలబడింది. అప్పుడు నాకు వచ్చింది ఆలోచన. వచ్చినప్పుడు ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను.

"అత్తా, ఇంటికేమిటికి? ఈ ఊర్లో ఇప్పుడు ఇంతకన్నా పెద్ద నిప్పు యాడుండాది?"

డ్రమ్ము కింది తలుపు తెరిచాను. ఎర్రటి నిప్పులు.

"చదువుకున్నోడు చదువుకున్నోడే!" అని మురిసిపోయి, చాట నా చేతికిచ్చింది అత్త. ఉప్పూ ఆవాలూ మిరపకాయలూ మొత్తం లోపలికి తోసి, తలుపు బిగించేశాను.

అదే సమయానికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఖాకీ నిక్కరు, మేజోళ్ళు, తల మీద హ్యాటు. కన్నడం మనిషి. మాతో మర్యాదగా తెలుగులోనే మాట్లాడేవారు గానీ, ఉలిక్కిపడితే కన్నడంలోకి దిగేవారు. చాలా శ్రద్ధగల అధికారి. అదే మా దురదృష్టం.

"బస్సు నిండా జనం కూచోవాలి. బరువుతో లాగుతుందో లేదో చూడాలి" అన్నారు. నిన్నటివాళ్ళే మళ్ళీ ఎక్కారు. "పరదాలు దించండి. వానాకాలంలో ఎలా ఉంటుందో అదీ చూడాలి." దించాం. తర్వాత ఆయనే వెళ్ళి వెనక సీటు మధ్యలో, అత్తకూ కోళ్ళకూ నడుమ, కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకుని కూచున్నారు. "ఊఁ, తిప్పు!"

నేను ఫ్యాను తిప్పడం మొదలుపెట్టాను. మామ పక్కనే నిలబడి పెదవులు కదుపుతున్నాడు, ఏ దేవుడికో మొక్కుతున్నట్టున్నాడు. డ్రమ్ములో ఉప్పు చిటపటమంది.

"అదేం శబ్దం?" అన్నాడు మామ.

"మంచి బొగ్గులు మామా."

లోపల అత్త ముసలమ్మతో అంటోంది: "చూడవ్వా, అన్ని మెరపకాయలు ఏసినా రవ్వంత ఘాటు రాలేదు. ఎంత దిష్టి ఉండాదో చూడు!" మా వైపు నమ్మకం అది. దిష్టి ఉంటే దాన్ని మింగి మిరపకాయ చల్లబడుతుంది. ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టే.

నేను ఉత్సాహంగా ఇంకా గట్టిగా తిప్పాను.

మొదట పరగోడు కోడి తుమ్మింది. కోడి తుమ్ముతుందా అని అడగకండి, నేను విన్నాను. తర్వాత ముసలమ్మ దగ్గింది. ఆ తర్వాత బస్సు మొత్తం దగ్గింది. వెనక సీటు కిందనుంచి మిరప పొగ బుసకొడుతూ పైకి లేచింది. పరదాలు దించి ఉన్నాయి కదా, పోవడానికి దారి లేక తీరిగ్గా ఒక్కొక్కరి ముక్కునూ పలకరించింది. పరదాలు చించుకుని ఒకరు దూకారు, తలుపులో ముగ్గురు ఇరుక్కున్నారు, కోళ్ళు రెక్కలకు ఉన్న పని మొదటిసారి తెలుసుకుని ఎగిరాయి. ఇన్‌స్పెక్టరుగారు కిటికీలోంచి వచ్చారు. ముందు హ్యాటు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత ఆయన.

"అయ్యయ్యో! ఏనప్పా ఇదు? యారు హాకిద్దు?" ఏమిటిది, ఎవరు వేశారిది అని ఆయన అడుగుతూనే ఉన్నారు. కళ్ళు తెరవలేక కచేరి గోడను అడిగారు.

చెప్పక తప్పలేదు. "నేనే సార్. మెరపకాయలు. దిష్టికి."

మామ కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు ఉందే, ఆ చూపు తగిలినందుకు నాకే దిష్టి తీయాలి. ఇంతలో అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుల మధ్య ఆనందంగా ప్రకటించింది: "ఘాటొచ్చె! ఘాటొచ్చె! దిష్టేం లేదు సామీ, మన బస్సుకి దిష్టే లేదు!"

ఇన్‌స్పెక్టరుగారు కుండెడు నీళ్ళతో మొహం కడుక్కున్నారు. తిడతారనుకున్నాను. ఆయన నిదానంగా, చాలా నిదానంగా అడిగారు.

"నిప్పు డ్రమ్ములో ఉంది. గొట్టం కొస ఇంజను దగ్గర ఉంది. పొగ సీటు కిందనుంచి ఎలా వచ్చింది?"

ఆయన తడిగుడ్డ మూతికి కట్టుకుని, వెల్లకిలా బస్సు కిందికి దూరారు. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది: "ఏనిదు? రాగి ముద్దె!"

పాఠకులారా, మీ దగ్గర కూడా ఒక సంగతి దాచాను. వెనక సీటు కింద గొట్టం రెండు ముక్కలు కలిసేచోట వేయవలసిన వాషరు బిగింపునాడు కనపడలేదు. వెతకడానికి బద్ధకించి, మధ్యాహ్నం నా కంచంలో మిగిలిన రాగి సంకటి, అదే ఆయన చెప్పిన ముద్దె, మెత్తి అతికేశాను. మా సంకటి తిన్నవాళ్ళెవరైనా నన్ను తప్పు పట్టరు, అది కడుపులోనే అంత గట్టిగా అతుక్కుంటుంది. కానీ గొట్టం వేడికి ఎండి, బీటలు వారి, సగం రాలిపోయింది.

ఇన్‌స్పెక్టరుగారు బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నారు. "ట్రైనింగు అయిందా నీకు?"

"అయింది సార్."

"ఈ గ్యాసు లీకయితే ఏమవుతుంది? చెప్పు."

హమ్మయ్య, తెలిసిన ప్రశ్న! నోటుబుక్కులో ఏ పేజీలో ఉందో కూడా కళ్ళకు కట్టింది. చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా గడగడా అప్పజెప్పాను: "ఈ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. కావున లీకయినది తెలియదు. బండి ఆగి ఉన్నప్పుడు, తలుపులు మూసి ఉన్నప్పుడు ఎక్కువ ప్రమాదము. మొదట తలనొప్పి వచ్చును. పిదప కడుపులో తిప్పును. పిదప మగత కమ్మును. పిదప..."

"అవే కదరా నిన్న మాకొచ్చినవి!" అంది అత్త.

ఆ పేజీ అక్కడితో అయిపోలేదు. 'పిదప' తర్వాత ఏముందో నాకు తెలుసు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా బస్సులో కంటికి కనపడకుండా వచ్చిన ఆ గ్యాసే అసలు నిప్పు. నిన్న వానలో, పరదాలు దించిన బస్సులో, వాళ్ళకు తలనొప్పి వచ్చిందే గానీ నిద్ర రాలేదు. వచ్చి ఉంటే నేను బయట గొడుగు కింద నిలబడి, వాళ్ళ కోసమే అనుకుంటూ ఇంకా గట్టిగా తిప్పుతూ ఉండేవాణ్ణి. ఆ తర్వాత నేను ఏడ్చిన ఏడుపు మిరపకాయల వల్ల కాదు. కాకపోతే అందరూ ఏడుస్తున్నారు గనక ఎవరూ కనిపెట్టలేదు.

మామ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. దగ్గరికి వచ్చి, మెల్లగా, "నిన్న మీ అత్త నిద్రపోయింటే ఏమయ్యేదిరా?" అని మాత్రం అడిగాడు. దానికి జవాబు నా నోటుబుక్కులో ఉంది.

పర్మిట్టు ఇవ్వనన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "వారం టైమిస్తున్నాను. బాగుచేసుకోండి. మళ్ళీ వస్తాను. అప్పుడు కూడా లీకయితే ఈ బస్సును మరచిపోండి."

ఆ వారం నేను సంకటి ముట్టలేదు. పరాయి ఊరినుంచి కమ్మరిని పిలిపించి, గొట్టం మొత్తం విప్పించి, అసలు వాషర్లు వేయించి, ప్రతి బోల్టునూ మూడేసిసార్లు బిగించాను. మామ రోజూ వచ్చి నిలబడి చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఆ వారంలో ఆయన సగమైపోయాడు.

ఇన్‌స్పెక్టరుగారు చెప్పిన రోజుకే వచ్చారు. గొట్టం అంతా తట్టి చూశారు. "లీకు లేదని ఎలా నమ్మేది? వాసన లేదు, రంగు లేదు." కాసేపు గడ్డం గోక్కుని, కొంచెం సిగ్గుపడుతూ అన్నారు: "చూడమ్మా, ఆ మెరపకాయలు ఇంకా ఉన్నాయా?"

అత్త దగ్గర లేకపోవడమా! చాట సిద్ధం. మిరపకాయలు మళ్ళీ డ్రమ్ము నిప్పుల్లో పడ్డాయి.

"ఈసారి లోపల ఎవరు కూచోవాలి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆయన నా వైపు చూశారు. పరదాలు దించిన బస్సులో, వెనక సీటులో నేను ఒక్కణ్ణే కూచున్నాను. కాదు, అత్త కూడా ఎక్కింది. "వీణ్ణి నమ్మేదానికి లేదు, ఘాటు నేనే చూస్తా" అని నా పక్కన కూచుంది. దస్తగిరి ఫ్యాను తిప్పాడు. బయట మామ పరదాకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరుగారు ఈసారి జాగ్రత్తపడి, డ్రమ్ముకు వీలైనంత దూరంగా బస్సు ముందరికి పోయి, ఇంజను పక్కన నిలబడ్డారు.

నేను ఊపిరి పీల్చాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా పీల్చాను. అత్త కొంగుకున్న కర్పూరం వాసన తప్ప ఏమీ లేదు.

"మామా! రాలేదు! లీకు లేదు!" అని అరిచాను.

నా అరుపు కంటే గట్టిగా అత్త గొల్లుమంది: "ఓయమ్మా, ఘాటే రాలేదే! బస్సుకింత దిష్టి ఉండాదా! ఈ బస్సు కదిలేదానికి లేదు! మళ్ళా తియ్యల్ల, ఇంకో చాట తెండి!"

సర్కారు పరీక్షలో నెగ్గిన బస్సు అత్త పరీక్షలో తప్పింది. ఆమె దిగనంటే దిగనని సీటు పట్టుకుంది. ఆమె మాట కాదని బస్సు నడిపే ధైర్యం మామకు లేదు. సరిగ్గా అప్పుడు బస్సు ముందునుంచి దగ్గు వినపడింది. పొగ ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. డ్రమ్ములోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి ఇంజను పక్క మూతిలోకి, ఆ మూతిలోంచి తిన్నగా ఇన్‌స్పెక్టరుగారి మొహంలోకి.

"ఇదె తాయీ, ఇదె!" ఉంది తల్లీ, ఇక్కడే ఉంది అని ఆయన కన్నడంలో ఏడుస్తూ కేకలు వేశారు. "ఘాటు ఇల్లి ఇదె! దిష్టి లేదమ్మా! ఒట్టు, దిష్టి లేదు!"

"ఉత్త మాట నేను నమ్మను. సర్కారు కాగితంలో రాసియ్యండి" అంది అత్త.

కళ్ళు కనపడని స్థితిలో ఉన్న ఆ పెద్దమనిషి పర్మిట్టు కాగితం బానెట్టు మీద పెట్టుకుని, తడుముకుంటూ, కన్నడంలో రాసి ముద్ర కొట్టారు. మామ దాన్ని కళ్ళకద్దుకుని నాకిచ్చాడు. "చదువప్పా." వారం రోజుల తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. నేను గొంతు సవరించుకుని ఊరంతా వినేటట్టు చదివాను: ఈ బస్సును పరీక్షించడమైనది. గ్యాసు లీకు లేదు. దిష్టి కూడా లేదు.

అత్త అప్పుడు దిగింది.

ఇక నా ప్రమాణం. ఏ యంత్రం దగ్గర ఎవరికి తల తిరిగినా ఊరి కళ్ళను అనుమానించే ముందు నా చేతులను అనుమానిస్తానని, తినే వస్తువుతో ఏ గొట్టాన్నీ అతకనని, ఈ జన్మలో ఏ నిప్పులోనూ మిరపకాయ వేయనని బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురం దాకా ఉన్న మైలురాళ్ళన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకవేళ వేయక తప్పకపోతే, గాలి ఎటు వీస్తోందో, ఆ వైపు సర్కారు మనిషి ఎవరైనా ఉన్నారో లేదో చూసుకుని మరీ వేస్తాను.